వైరు ఉన్న రిమోటా? వైరు లేని రిమోటా? ఒక సెల్లుల లెక్క



పోయిన వార్షికోత్సవానికి మేం పాత విద్యార్థులం కొందరం తలా కొంత వేసుకుని మీకు ఒక పాత కంప్యూటరు, దానికి రెండు ఆట రిమోట్లు తెచ్చి ఇచ్చాం. వీటి అసలు పేరు గేమ్ కంట్రోలర్లు. మన మర్రిపాడులోనైనా, ఆత్మకూరులోనైనా, ఉదయగిరిలోనైనా పిల్లలు వీటిని రిమోట్లనే అంటారు కాబట్టి ఈ వ్యాసంలో నేనూ ఆ మాటే వాడుతున్నాను.

ఆ రిమోట్లు ఎంచింది నేనే. వైరు లేనివి ఎంచాను. చూడటానికి బాగుంటాయి, దూరంగా కూర్చుని ఆడుకోవచ్చు, కాళ్లకు వైరు తగలదు అనుకున్నాను. ఒక్కో రిమోట్‌లో రెండు పెన్సిల్ సెల్లులు వేయాలి. సెల్లులదేముందిలే, ఏ అంగట్లో అయినా దొరుకుతాయి అనుకున్నాను.

దసరా సెలవులకు ముందు ఒక ఆదివారం హాస్టలుకు వచ్చాను. పిల్లలు ఫుట్‌బాల్ ఆట ఆడుతున్నారు. పక్కనే ఎనిమిదో తరగతి తమ్ముడొకడు నోటుపుస్తకంలో ఏదో రాస్తున్నాడు. "ఏందబ్బయ్యా అది?" అని అడిగాను. "సెల్లుల లెక్కన్నా" అన్నాడు. పుస్తకం తీసుకుని చూశాను. జూన్‌లో హాస్టలు తెరిచినప్పటి నుంచి ప్రతి ఆదివారం తేదీ, నాలుగు సెల్లులు, 40 రూపాయలు, ఆ వారం ఎవరెవరు ఎంత వేసుకున్నారో వాళ్ల పేర్లు ఉన్నాయి. 16 వారాలకు 640 రూపాయలు. డబ్బులెక్కడివని అడిగితే తల వంచుకుని "సబ్బుల డబ్బులన్నా" అన్నాడు.

సబ్బులకు, నూనెకు ఇచ్చే డబ్బు ఎంతో, అది ఎన్నాళ్లు రావాలో నాకు తెలుసు. నేనూ ఈ హాస్టల్లో చదివినవాడినే. మేం బహుమతి ఇచ్చామనుకున్నాం. నిజానికి ప్రతి వారం కట్టాల్సిన బాకీ ఒకటి మీ నెత్తిన పెట్టిపోయాం. ఆ రోజు నుంచి ఈ సంగతి కొంచెం లోతుగా చదివాను, నాకు తెలిసిన రిపేరు పని అనుభవాన్నీ దానికి కలిపాను. నేను నేర్చుకున్నది మీకు చెప్పడానికే ఈ వ్యాసం. రేపు మీరు పెద్దయి సొంత డబ్బుతో ఏ వస్తువు కొన్నా ఇది పనికొస్తుంది.

రిమోట్ ఎలా పనిచేస్తుంది?

ముందు వైరు రిమోట్ సంగతి చూద్దాం. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1983లో ఫామికామ్ అనే ఆట పెట్టెను విడుదల చేసింది. 1990లలో మన ఊళ్లకు టీవీ గేమ్ పేరుతో వచ్చిన క్యాసెట్టు ఆటలు చాలావరకు దానికి నకళ్లే. ఆ రిమోట్‌లో బటన్లు 8. నాలుగు దిక్కులకు నాలుగు, ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్. కానీ పెట్టెకు పోయే వైరు కోసి చూస్తే పనిచేసే తీగలు 5 మాత్రమే. రెండు తీగలు కరెంటుకు పోతే మిగిలేవి మూడు. ఎనిమిది బటన్ల కబురు మూడు తీగల్లో ఎలా పోతుంది?

మన రాత్రి హాజరు గుర్తు తెచ్చుకోండి. వార్డెన్ గారు "అందరూ నిలబడండి" అంటారు. ఎవరి చోట వాళ్లు నిలబడతారు. తర్వాత ఒక్కొక్క నంబరు పిలుస్తుంటే ఒక్కొక్కరు "ఉన్నాను సార్" అంటారు. రిమోట్‌లోనూ ఇంతే. ఒక తీగ మీద పెట్టె "కదలకండి" అంటుంది. అప్పుడు ఏ బటన్ నొక్కి ఉందో ఏది లేదో రిమోట్ లోపలి చిన్న చిప్పు పట్టి ఉంచుతుంది. రెండో తీగ మీద పెట్టె నంబర్లు పిలుస్తుంది. మూడో తీగ మీద ఒక్కో బటన్ వరసగా జవాబు చెబుతుంది. సెకనుకు సుమారు 60 సార్లు ఈ హాజరు జరుగుతుంది. దీనికి కావలసిన కరెంటు కూడా ఆ వైరులోనే వస్తుంది. అందుకే ఆ రిమోట్లకు సెల్లు అక్కర్లేదు.

ఇప్పటి యూఎస్‌బీ వైరు రిమోట్లలో హాజరు తీసుకునే పద్ధతి మారింది గానీ సూత్రం అదే. కంప్యూటరు 5 వోల్టుల కరెంటు ఇస్తుంది, కబురు తీసుకుంటుంది.

వైరు తీసేస్తే రెండు పనులు ఆగిపోతాయి. ఒకటి కబురు, రెండు కరెంటు. కబురును రేడియో తరంగాల మీద గాలిలో పంపవచ్చు. కరెంటును అలా పంపలేం. దానికి సెల్లు కావాలి. వైరు లేని ప్రతి వస్తువు లోపల ఒక సెల్లు ఉంటుందని, దానికి ఎప్పుడూ ఎవరో ఒకరు డబ్బు పెట్టాలని గుర్తుంచుకోండి.

గాలిలో కబురు నమ్మకమేనా?

వైరు లేని రిమోట్ కొత్తదేమీ కాదు. అమెరికాలో అటారి కంపెనీ 1983లోనే రేడియోతో పనిచేసే జాయ్‌స్టిక్‌లు అమ్మింది. అవి పెద్దవి, బరువైనవి. నింటెండో 2002లో వేవ్‌బర్డ్ అనే రిమోట్ తెచ్చింది. రెండు పెన్సిల్ సెల్లులతో పనిచేసేది. సెల్లు ఆదా కావాలని అందులో చేతికి అదురు పుట్టించే మోటారు పెట్టలేదు. ఆ తర్వాత 2005లో ఎక్స్‌బాక్స్ 360, 2006లో ప్లేస్టేషన్ 3, వీ ఆట పెట్టెలు వచ్చాక వైరు లేనివే మామూలయ్యాయి.

ఇప్పటివి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తాయి. బ్లూటూత్‌ది అదే దారి, వైఫైలో ఒక భాగానిదీ అదే దారి. అందరూ ఒకే బాటలో నడిస్తే గుద్దుకోరా అంటే, ఆ బాటను బ్లూటూత్ 79 సన్న దారులుగా విడగొట్టుకుని సెకనుకు 1600 సార్లు దారి మార్చుకుంటూ పోతుంది. ఒక దారిలో గోల ఉంటే ఇంకో దారిలో మళ్లీ చెబుతుంది.

కానీ ఈ తరంగాలకు ఇనుము అడ్డు. నీళ్లు కూడా అడ్డే. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి మనుషులూ అడ్డే. మన హాల్లో గోడ వెంట ట్రంకు పెట్టెలు, మధ్యలో కిక్కిరిసి కూర్చున్న పిల్లలు. కబురు అందుకునే చిన్న పుల్లను కంప్యూటరు పెట్టె వెనకాల, ఇనుప రేకు చాటున గుచ్చారు. ఆట మధ్యలో రిమోట్ మాట వినడం లేదని మీరు అన్నది అందుకే కావచ్చు. ఆ పుల్లను ముందువైపు పెట్టండి, లేదా ఒక పొడుగు యూఎస్‌బీ వైరుతో బల్ల మీదికి తీసుకురండి. చాలా తేడా కనబడుతుంది.

ఇంకో అనుమానం ఉంది. వైరు లేకపోతే బటన్ నొక్కిన తర్వాత ఆలస్యం అవుతుందా? అవుతుంది, కానీ ఎంత? సెకనుకు 60 బొమ్మలు మారే ఆటలో ఒక్కో బొమ్మ సుమారు 17 మిల్లీ సెకన్లు నిలుస్తుంది. మామూలు యూఎస్‌బీ రిమోట్‌ను కంప్యూటరు సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీ సెకన్లకు ఒకసారి పలకరిస్తుంది. వైరు లేని మంచి రిమోట్ దానికి మరికొన్ని మిల్లీ సెకన్లు కలుపుతుంది. మన కన్ను చూసి వేలు కదలడానికే దాదాపు 200 మిల్లీ సెకన్లు పడుతుంది. పోటీ ఆటగాళ్లకు ఈ తేడా లెక్కే, ఆదివారం ఆటకు కాదు. టీవీకి తగిలించి ఆడేవాళ్లకు మాత్రం ఒక మాట. బొమ్మను అందంగా చేయడానికి టీవీ తీసుకునే ఆలస్యం చాలాసార్లు రిమోట్ ఆలస్యం కంటే ఎక్కువ. టీవీలో గేమ్ మోడ్ అని ఉంటే అది పెట్టండి. ఖర్చు లేని బాగు అది.

సెల్లుల్లో రకాలు

మన నెల్లూరులో నిప్పో సెంటర్ అనే బస్టాపు ఉంది. నిప్పో సెల్లుల ఫ్యాక్టరీ వల్ల వచ్చిన పేరది. ఆ సెల్లులు చేసే ఇండో నేషనల్ కంపెనీ 1972లో జపాన్ మత్సుషిత కంపెనీ సహకారంతో మొదలైంది. మన ఇళ్లలో బ్యాటరీ లైట్లు, రేడియోలు వెలిగింది, పలికింది ఇలాంటి సెల్లులతోనే. కాబట్టి ఈ పాఠం మన జిల్లాకు పరాయిది కాదు.

మొదటి రకం ఈ మామూలు సెల్లు, అంటే జింక్ కార్బన్ సెల్లు. బయటి డబ్బా జింకు. మధ్యలో నల్లటి కర్ర కార్బన్. మనం చిన్నప్పుడు పాత సెల్లు పగలగొట్టి గోడల మీద గీసింది దానితోనే. చుట్టూ ఉన్న నల్లపొడిలో ఎక్కువ భాగం మాంగనీసు డయాక్సైడ్. ఇందులో డబ్బా గోడే ఇంధనం. వాడేకొద్దీ అది కరిగి పలచనవుతుంది. అందుకే పాతబడిన సెల్లు కారుతుంది. గోడ గడియారం, టీవీ రిమోట్ లాంటి తక్కువ కరెంటు పనులకు ఇది సరిపోతుంది, చవక. ఆట రిమోట్ ఎక్కువ కరెంటు గుంజుతుంది. అక్కడ ఇది తొందరగా చేతులెత్తేస్తుంది.

రెండో రకం ఆల్కలైన్ సెల్లు. ఇది కూడా 1.5 వోల్టులే, కానీ దమ్ము ఎక్కువ. ఆట రిమోట్ లాంటి పనిలో మామూలు సెల్లుకు మూడు నాలుగు రెట్లు రావచ్చు. ధర రెండింతలైనా గంటకు పడే ఖర్చు చూస్తే ఇదే చవక. సెల్లు కొనేటప్పుడు "ఎంత?" అని కాదు, "గంటకు ఎంత?" అని అడగాలి.

మూడో రకం మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే పెన్సిల్ సెల్లు, నికెల్ మెటల్ హైడ్రైడ్. ఇది 1.2 వోల్టులే. తక్కువ కదా, పనిచేస్తుందా అని భయపడనక్కర్లేదు. ఆల్కలైన్ 1.5 దగ్గర మొదలై వాడేకొద్దీ మెట్లు దిగినట్టు దిగుతుంది. ఇది మాత్రం దాదాపు చివరిదాకా 1.2 దగ్గరే నిలబడి ఆఖర్లో ఒక్కసారి పడిపోతుంది. అందుకే రిమోట్ మీద బ్యాటరీ గుర్తు మొదట్నుంచీ తక్కువ చూపించవచ్చు. వెనకటి వాటిని ఛార్జి చేసి పక్కన పెడితే కొన్ని వారాల్లోనే చాలావరకు ఖాళీ అయ్యేవి. 2005లో జపాన్ సాన్యో కంపెనీ ఎనెలూప్ తెచ్చిన తర్వాత నెలల తరబడి నిలవ ఉండే రకం అందుబాటులోకి వచ్చింది. కొనేటప్పుడు అలాంటిదే అడగండి.

నాలుగోది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ మొదట అమ్మకానికి తెచ్చింది. దీని వెనక పనిచేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఫోన్లలో ఉండేది ఇదే. ప్లేస్టేషన్ రిమోట్లలో లోపలే బిగించి ఇస్తారు. సెల్లులు కొనే పని లేదు. కానీ కొన్ని వందల సార్లు ఛార్జి అయ్యాక దాని శక్తి తగ్గుతుంది. అప్పుడు రిమోట్ విప్పి మార్చాలి. పెన్సిల్ సెల్లులు వేసుకునే రిమోట్‌లో ఆ బాధ లేదు. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ రిమోట్‌కు కూడా పెన్సిల్ సెల్లుల గది ఉంచారు.

ఎంత పెద్ద బ్యాటరీ అన్నదే కాదు, రిమోట్ ఎంత పొదుపుగా వాడుతుందన్నదీ చూడాలి. 1300 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీతో నింటెండో స్విచ్ ప్రో రిమోట్ సుమారు 40 గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది. 1000 ఉన్న ప్లేస్టేషన్ 4 రిమోట్ దానిలో పావు వంతు కూడా రావడం కష్టం. దాని మీద దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండటం ఒక కారణం. మీ ఆటలో అదురు ఆపే వీలుంటే ఆపండి. సెల్లు ఇంకొంతసేపు వస్తుంది.

ఇక లెక్క

భౌతికశాస్త్రంలో మీరు చదివే లెక్కే ఇది. ఛార్జింగు పెన్సిల్ సెల్లు 1.2 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అనుకుందాం. రెండు సెల్లులకు 1.2 × 2 × 2 = 4.8 వాట్ అవర్లు. ఛార్జరులో వృథా పోయేది కలిపి 8 అనుకోండి. ఒక యూనిట్ కరెంటు అంటే 1000 వాట్ అవర్లు. 1000 ÷ 8 = 125. అంటే ఒక్క యూనిట్ కరెంటుతో ఒక రిమోట్ సెల్లుల జతను 125 సార్లు నింపుకోవచ్చు. అదే పనికి మీరు వారానికి 40 రూపాయలు పెట్టారు. సెల్లులో దొరికే కరెంటు కంటే ఖరీదైన కరెంటు మన ఇంట్లో ఇంకోటి లేదు.

నాకు నాలుగు ఛార్జింగు సెల్లులు, ఛార్జరు కలిపి 1,300 రూపాయలయ్యాయి. వారానికి 40 చొప్పున మిగిలితే 33 వారాలకు ఆ డబ్బు తిరిగి వస్తుంది. దాదాపు ఒక విద్యా సంవత్సరం. వైరు రిమోట్ ఒక్కోటి 600కు దొరికింది, రెండు 1,200. ఆ తర్వాత వారం వారం పెట్టేది ఏమీ లేదు.

తప్పక పాటించాల్సిన జాగ్రత్తలు

ఒకటి. మన పల్లెల్లో సెల్లు అయిపోతే ఎండలో పెట్టే అలవాటు ఉంది. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకై ఇంకొంచెంసేపు వెలుగుతుంది. అది ఛార్జింగు కాదు, అడుగున మిగిలింది గోకి తీయడం. మామూలు సెల్లుకు ఆ పని చేస్తే మహా అయితే కారుతుంది. లిథియం బ్యాటరీతో మాత్రం ఎప్పుడూ చేయవద్దు. అది వేడికి ఉబ్బుతుంది, అంటుకుంటుంది.

రెండు. లిథియం బ్యాటరీ ఉబ్బినట్టు కనబడితే ఇక దాన్ని ఛార్జి చేయవద్దు, నొక్కవద్దు, గుచ్చవద్దు. మా ఇంట్లో పాత ఫోను బ్యాటరీ ఉబ్బి మూత లేచిపోయింది. ఇంకా పనిచేస్తోంది కదా అని పది రోజులు వాడాను. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. దిండు కింద, దుప్పటి మీద పెట్టి ఛార్జి చేయవద్దు. కొత్తది కొనేటప్పుడు బి.ఐ.ఎస్. గుర్తు చూసి కొనండి.

మూడు. మామూలు సెల్లును, ఆల్కలైన్ సెల్లును ఛార్జరులో పెట్టవద్దు. అవి అందుకు చేసినవి కావు, పగలవచ్చు.

నాలుగు. కొత్త సెల్లుతో పాత సెల్లు, ఒక రకంతో ఇంకో రకం కలపవద్దు. బలమైనది బలహీనమైనదాన్ని తిరగదోస్తుంది, అది కారుతుంది.

ఐదు. ఎండాకాలం సెలవులకు ఇళ్లకు పోయేటప్పుడు సెల్లులు తీసి పక్కన పెట్టి పోండి. ఏప్రిల్‌లో మీరు తీయలేదు, జూన్‌లో ఒక రిమోట్ స్ప్రింగులు తుప్పు పట్టి ఉన్నాయి. తీయమని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆల్కలైన్ సెల్లు కారితే తెల్లటి పొడి కడుతుంది. అది క్షారం. చేత్తో ముట్టుకోకుండా దూదికి కొంచెం నిమ్మరసం అద్ది తుడిచి, తర్వాత తడి లేకుండా ఆరబెట్టాలి. లిథియం బ్యాటరీ రిమోట్ అయితే సగం ఛార్జింగుతో ఉంచి పోవాలి.

ఆరు. అయిపోయిన సెల్లులు పెంటదిబ్బ మీద, చేలల్లో పారేయవద్దు. కాల్చవద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసే కంపెనీలది. ఒక డబ్బాలో వేసి ఉంచండి. నేను వచ్చినప్పుడు నెల్లూరు తీసుకుపోతాను.

మరి ఏది కొనాలి?

ఒక్కరే ఆడేవాళ్లు, టీవీకి దూరంగా మంచం మీద కూర్చునేవాళ్లు, ఛార్జింగు పెట్టడం మరవనివాళ్లు వైరు లేనిది కొనుక్కోవచ్చు. అందులోనూ సెల్లులు మార్చుకునే వీలున్నది, అవసరమైతే వైరు కూడా తగిలించుకోగలిగేది మేలు. వైరు తగిలించినా పలకడం లేదంటే ఆ వైరు కేవలం ఛార్జింగుదేమో చూడండి. అందులో రెండే తీగలుంటాయి. కబురు పోయే వైరులో కనీసం నాలుగుంటాయి.

అరవై మంది చేతులు మారే చోట, కరెంటు ప్లగ్గులు రెండే ఉన్న చోట, ఛార్జింగు ఎవరి బాధ్యతో తేలని చోట వైరుదే మంచిది. వైరు కూడా పాడవుతుంది. రిమోట్ దగ్గర మెడ వంగే చోట లోపలి తీగ తెగుతుంది. కానీ అది ఎక్కడ తెగిందో కనిపెట్టి అతకవచ్చు. అయిపోయిన సెల్లును అతకలేం. వైరు పొడవు చూసి కొనండి. ఆడిన తర్వాత రిమోట్‌కు బిగించి చుట్టకుండా, వదులుగా చుట్ట చుట్టి మేకుకు తగిలించండి. నడిచే దారికి అడ్డంగా వైరు పరచవద్దు.

సంక్రాంతి సెలవులు అయిపోయి మీరు తిరిగి వచ్చినప్పుడు రెండు వైరు రిమోట్లు తెచ్చి ఇచ్చాను. వైరు లేనివీ ఉన్నాయి. వాటికి నా ఛార్జింగు సెల్లులు, ఛార్జరు కూడా వార్డెన్ గారి దగ్గర ఉంచాను. వైరుది రిపేరుకు పోయినప్పుడు వాడుకోండి. 640 రూపాయలు కూడా ఆ నోటుపుస్తకంలో ఉన్న పేర్ల ప్రకారం ఎవరిది వాళ్లకు ఇచ్చేశాను. ఐదు రూపాయలు వేసినవాడికి ఐదు, పది వేసినవాడికి పది. ఒక్క రూపాయి తేడా రాలేదు. లెక్క అంత శుభ్రంగా రాసిన ఆ తమ్ముడికి నా అభినందనలు. ఆ లెక్క లేకపోతే నా పొరపాటు నాకు తెలిసేది కాదు.

మీకెవరైనా ఏదైనా ఉచితంగా ఇస్తే సంతోషంగా తీసుకోండి. తీసుకుంటూనే ఒక్క ప్రశ్న అడగండి. "అన్నా, దీనికి నెలనెలా ఏం పెట్టాలి?" ఇచ్చేవాళ్లం కూడా ఆ ప్రశ్న ముందే వేసుకోవాలి. మేం ఇకమీదట వేసుకుంటాం.

బాగా ఆడుకోండి, అంతకంటే బాగా చదువుకోండి.

మీ
ఒక పూర్వ విద్యార్థి